డిస్కార్డ్, డిస్పోజ్, ఎలిమినేట్, ఎరాడికేట్: వదిలించుకోవడానికి ఆంగ్లంలో ఇన్ని క్రియలు ఎందుకు, తేడా ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: అనువాదకురాలు

అందరికీ నమస్కారం. ప్రయోగశాలల్లో వాడే రసాయనాలకు సంబంధించిన భద్రతా సూచనల పుస్తకాన్ని ఆంగ్లం నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ఒకే పేజీలో నాలుగు క్రియలు ఎదురయ్యాయి. గడువు దాటిన ద్రావణాన్ని డిస్కార్డ్ చేయాలని ఒక వాక్యం చెబుతుంది. దాని సీసాను నిబంధనల ప్రకారం డిస్పోజ్ చేయాలని తరువాతి వాక్యం అంటుంది. కంట్లో రసాయనం పడితే కాంటాక్ట్ లెన్సులను రిమూవ్ చేయాలట; ద్రవం కారుతున్నప్పుడు మంట రేపగల మూలాలన్నింటినీ ఎలిమినేట్ చేయాలట. నిఘంటువులు ఈ మాటలను ఒకదానికొకటి అర్థంగా ఇస్తూ చుట్టూ తిప్పుతున్నాయి. నాలుగింటికీ "తొలగించు" అని రాస్తే వ్యాకరణ దోషం ఉండదు గానీ, చదివిన మనిషి చేతులతో ఏం చేయాలో మాత్రం తెలియదు.

ఇవి నిజంగా వేర్వేరు పనులా, లేక ఒకే మాటను పదే పదే వాడకూడదన్న శైలి పట్టింపుతో రచయిత మార్చి మార్చి రాసినవా? ఎరాడికేట్, అబాలిష్ అనేవి కూడా ఇదే కుటుంబంలోనివిగా కనిపిస్తున్నాయి కనుక వాటి గురించి కూడా వివరించగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు: భాషాధ్యాపకుడు

నమస్కారమండి. మీ పేజీలో ఉన్నవి శైలి కోసం మార్చిన మాటలు కావు. కథల్లో, వ్యాసాల్లో అలా మార్చి రాయడం ఉంటుంది గానీ, భద్రతా సూచనలు రాసేవారు ఉద్దేశపూర్వకంగా ఒక్కో పనికి ఒక్కో క్రియను కేటాయించుకుంటారు. రసాయనాల వర్గీకరణ, లేబుళ్ల కోసం ఐక్యరాజ్యసమితి 2003లో తొలిసారి ప్రచురించిన జీహెచ్ఎస్ పద్ధతిలో ప్రతి జాగ్రత్త వాక్యానికీ ఒక సంకేతం ఉంది. లోపలి పదార్థాన్ని, సీసాను డిస్పోజ్ చేయాలనే వాక్యం పి501, కాంటాక్ట్ లెన్సులు రిమూవ్ చేయాలనే వాక్యం పి338. కాబట్టి మూలంలో క్రియ మారిన చోటల్లా తెలుగులోనూ మారాలి.

ఈ మాటలను వేరు చేసే సూత్రంగా నేను ఒక ప్రశ్నను వాడతాను: క్రియ పూర్తయిన తరువాత ఆ వస్తువు ఎక్కడ ఉంది, దాని బాధ్యత ఎవరిది? నిఘంటువులు ఈ ప్రశ్న అడగవు. అవి వదిలించుకోవడం వరకే చెప్పి ఆగిపోతాయి కనుక అన్ని మాటలూ ఒకేలా కనిపిస్తాయి.

రిమూవ్‌తో మొదలుపెడితే, అది వస్తువును ఉన్న చోటి నుంచి కదిలించడం మాత్రమే. తీసిన లెన్సును కడిగి మళ్లీ పెట్టుకుంటారా, చెత్తలో వేస్తారా అన్నది ఆ క్రియకు పట్టదు. తెలుగులో "తీయండి" అంటే సరిపోతుంది. అక్కడ "తొలగించండి" అని బరువుగా రాయనక్కర్లేదు.

డిస్కార్డ్ పేకాటలోంచి వచ్చిన మాట. చేతిలోని ముక్కల్లో పనికిరానిదాన్ని కిందికి విడవడం దాని తొలి అర్థం. విడిచిన ముక్క ఆటలోంచి మాయం కాదు, కుప్పలో పడి ఉంటుంది, తరువాతి ఆటగాడికి అదే కావలసిన ముక్క కావచ్చు. ఈనాటికీ ఆ మాటలో మిగిలి ఉన్నది ఆ నిర్ణయమే: ఇది నాకిక అక్కర్లేదు. శాస్త్రవేత్త ఒక పరికల్పనను డిస్కార్డ్ చేశాడంటే దాన్ని నాశనం చేశాడని కాదు, ఇకపై దానిమీద ఆధారపడడని అర్థం. కంటి చుక్కల మందు సీసా మీద, మూత తీసిన ఇన్ని రోజుల తరువాత డిస్కార్డ్ చేయాలని ఉంటుంది. ఆ వాక్యం చెప్పదలచుకున్నది వాడడం ఆపమని. సీసా ఏ బుట్టలోకి వెళ్లాలన్నది దాని విషయం కాదు.

ఆ రెండో విషయం చెప్పేది డిస్పోజ్ ఆఫ్. ఈ మాట కొంచెం నిదానంగా చూడదగినది, ఎందుకంటే దీని మూలార్థంలో పారవేయడం అనేదే లేదు. లాటిన్‌లో ఇది వస్తువులను వాటి వాటి చోట్ల అమర్చడం, ఏర్పాటు చేయడం. తానొకటి తలచిన దైవమొకటి తలచును అనే మన సామెతకు సమానమైన ఆంగ్ల సామెతలో దైవం చేసే పనికి డిస్పోజ్ అనే క్రియనే వాడారు. అక్కడ దాని అర్థం తుది నిర్ణయం చేయడం. ఆ అర్థం నుంచే ఒక వస్తువు విషయంలో తుది ఏర్పాటు చేయడం, దాని సంగతి తేల్చివేయడం అనే అర్థం వచ్చింది. అందువల్లనే ఆస్తిని అమ్మడమూ డిస్పోజ్ చేయడమే, న్యాయస్థానం ఒక అర్జీని విచారించి ముగించడమూ డిస్పోజ్ చేయడమే. అర్జీని డిస్పోజ్ చేశారన్న వార్తను చూసి కొట్టివేశారని రాసే పాత్రికేయులు ఉన్నారు. అర్జీదారు గెలిచినా ఓడినా ఆ మాటే వాడతారు కనుక "పరిష్కరించారు" అనో "విచారణ ముగించారు" అనో రాయాలి. ఆర్థికశాస్త్రంలో డిస్పోజబుల్ ఇన్‌కమ్ అంటే పన్నులు పోగా మన ఇష్టప్రకారం ఖర్చుకో పొదుపుకో మిగిలే ఆదాయమే తప్ప పారవేయదగిన ఆదాయం కాదు. ఒకరి డిస్పోజల్‌లో ఉండడం అంటే వారి వినియోగానికి సిద్ధంగా ఉండడం. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ అర్థాలన్నింటినీ కలిపి ఉంచేది ఒక్కటే: ఆ వస్తువు ఏమవాలో నిర్ణయించే అధికారం, ఆ నిర్ణయాన్ని చివరిదాకా అమలు చేసే బాధ్యత.

ఆ బాధ్యత వల్లనే చట్టాలకు ఈ మాట నచ్చింది. ప్రమాదకర వ్యర్థాలను దేశాల సరిహద్దులు దాటించడాన్ని నియంత్రించే 1989 నాటి బాసెల్ ఒప్పందం డిస్పోజల్ కిందికి వచ్చే పనులను ఒక అనుబంధంలో రెండు భాగాలుగా పేర్కొంటుంది. మొదటి భాగంలో పూడ్చడం, దహనం చేయడం వంటివి ఉన్నాయి. రెండో భాగంలో ఉన్నవి తిరిగి ఉపయోగంలోకి తెచ్చే పనులు, అంటే రీసైక్లింగ్ వంటివి. అక్కడ డిస్పోజల్‌ను "పారవేయడం" అని అనువదిస్తే ఆ రెండో భాగానికి అర్థమే ఉండదు.

కనుక మీ పేజీలో ద్రావణం విషయంలో "ఇక వాడకండి, పక్కన పెట్టండి" అనే భావం, సీసా విషయంలో "నిర్ణీత పద్ధతిలో వదిలించండి" అనే భావం రావాలి. మొదటిది నిర్ణయం, రెండోది ప్రక్రియ.

రెండో జవాబు: ప్రజారోగ్య విభాగ ఉద్యోగి

అధ్యాపకులు గారు చెప్పిన ప్రశ్న మా రంగంలో ఎలిమినేట్, ఎరాడికేట్ అనే రెండు మాటలకూ చక్కగా వర్తిస్తుంది. సామాన్య వ్యవహారంలో ఈ రెండింటికీ "నిర్మూలన" అనే రాస్తున్నారు. వ్యాధుల విషయంలో అలా రాస్తే వాస్తవమే తారుమారవుతుంది.

అంటువ్యాధుల నిర్మూలన మీద 1997లో బెర్లిన్‌లో జరిగిన డాలెం కార్యశాల ఈ మాటలకు మెట్లు ఏర్పరచింది. వ్యాధి సమాజం భరించగల స్థాయికి తగ్గితే కంట్రోల్. ఒక నిర్దిష్ట భౌగోళిక ప్రాంతంలో కొత్త కేసులు సున్నాకు చేరితే ఎలిమినేషన్, అయితే టీకాలు, నిఘా వంటి చర్యలు కొనసాగుతూనే ఉండాలి. ప్రపంచమంతటా ఆ సంక్రమణ శాశ్వతంగా సున్నాకు చేరి, ఆ చర్యల అవసరమే తీరిపోతే ఎరాడికేషన్. వ్యాధి కారకం ప్రకృతిలోనూ ప్రయోగశాలలోనూ లేకుండా పోతే ఎక్స్‌టింక్షన్.

ఈ మెట్లు ఉత్త పారిభాషిక పట్టింపులు కావని తట్టు చరిత్ర చూస్తే తెలుస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తట్టు ఎలిమినేట్ అయిందని 2000లో ప్రకటించారు. 2019లో అక్కడే వెయ్యికి పైగా కేసులు వచ్చాయి. ప్రకటన అబద్ధం కాదు, ఆ మాటకు ఉన్న అర్థమే అంత: వ్యాధిని గుమ్మం అవతలికి పంపారు, అది అవతలే ఉండి అవకాశం దొరికితే తిరిగి లోపలికి వస్తుంది. నిజానికి ఎలిమినేట్ అనే మాటకు లాటిన్ మూలంలో ఉన్నది గడపే. గడప దాటించి బయటికి పంపడం దాని తొలి అర్థం. పోటీల్లో ఓడిన జట్టు ఎలిమినేట్ అవుతుంది, అంటే ఆ పోటీలోంచి బయటికి వెళుతుంది, జట్టు ఉంటుంది. బీజగణితంలో రెండు సమీకరణాలను కలిపి ఒక చరరాశిని ఎలిమినేట్ చేసినా, ఆ రాశి విలువ లేకుండా పోదు, మన ముందున్న సమీకరణంలో కనిపించకుండా పోతుంది.

ఎరాడికేట్ మూలంలో ఉన్నది చెట్టు వేరు. పెళ్లగించడం అన్నమాట. వేళ్లతో సహా పోయింది కనుక మళ్లీ మొలవదు. మనుషుల వ్యాధుల్లో ఇంతవరకు ఈ మెట్టు ఎక్కినది మశూచి ఒక్కటే. సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది, 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ నిర్మూలనను ప్రకటించింది. పశువ్యాధుల్లో రిండర్‌పెస్ట్ 2011లో ఈ స్థాయికి చేరింది. మశూచి వైరస్ నమూనాలు ఇప్పటికీ అమెరికాలో ఒకటి, రష్యాలో ఒకటి, రెండు ప్రయోగశాలల్లో భద్రంగా ఉన్నాయి కాబట్టి, ఎరాడికేట్ అయిన ఆ వ్యాధికి ఎక్స్‌టింక్షన్ అనే మాట మాత్రం వాడరు.

నా అభిప్రాయంలో ఎరాడికేట్‌కు "సమూల నిర్మూలన" అనీ, ఎలిమినేట్‌కు సందర్భాన్ని బట్టి "ఆ ప్రాంతంలో లేకుండా చేయడం" అనీ రాయడం మేలు. రెండో దానికి ఒక్క మాట కుదరదని బాధపడేవారుంటారు. అర్థం పోవడం కన్నా నాలుగు మాటలు ఎక్కువ పట్టడం నయం.

భద్రతా పుస్తకం అన్నారు కనుక మరొక సంగతి. పనిస్థలాల్లో ప్రమాదాలను అదుపు చేసే పద్ధతులను అంచెలుగా చూపే పట్టికలో అన్నిటికన్నా పై మెట్టు ఎలిమినేషన్. దాని తరువాతే తక్కువ ప్రమాదమున్న దాన్ని వాడడం, యంత్రపరమైన రక్షణలు, పని నియమాలు, చివరిగా చేతి తొడుగులు, కళ్లద్దాల వంటివి. అక్కడ ఎలిమినేట్ అంటే ప్రమాదాన్ని తగ్గించడం కాదు, ఆ ప్రమాద కారణం ఆ స్థలంలో అసలు లేకుండా చూడడం. పెద్ద మాట కదా అని "కనిష్ఠం చేయండి" అనే వైపు జారకండి.

ఎక్స్‌టర్మినేట్, అనైహిలేట్ అనే రెండు మాటలు మీ పుస్తకంలో తగలవని అనుకుంటాను. మొదటిది పురుగులనో జీవులనో మూకుమ్మడిగా చంపివేయడం. రెండోది నామరూపాలు లేకుండా చేయడం, భౌతికశాస్త్రంలో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురెదురుగా కలిసి గామా కిరణాలుగా మారిపోవడాన్ని కూడా ఆ మాటతోనే చెబుతారు.

మూడో జవాబు: న్యాయపత్రాల అనువాదకుడు

ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేర్చదలచాను. పదమూలాలు గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి గానీ తీర్పు చెప్పడానికి కాదు. ఎక్స్‌టర్మినేట్‌కు మూలంలో ఉన్నది సరిహద్దు. సరిహద్దు దాటించి వెళ్లగొట్టడం దాని పాత అర్థం. మూలాన్ని నమ్ముకుంటే అది ఎలిమినేట్ పక్కన నిలవాలి. నేడు అది ప్రాణాలు తీయడమే. ఎలిమినేట్ కూడా గూఢచారుల వ్యవహారాల్లో మనిషిని చంపడానికి మర్యాదపు ముసుగుగా వాడుకలో ఉంది, అక్కడ గడప గుర్తొస్తే అర్థం చెడుతుంది. మాటకు పక్కన ఏ కర్మ వస్తోందో చూడడమే నమ్మదగిన పద్ధతి.

ఆ పద్ధతిలో అబాలిష్ అన్నిటికన్నా తేలిక. దానికి కర్మగా చేతితో పట్టుకోగల వస్తువు ఎన్నడూ రాదు. వ్యవస్థ, పద్ధతి, పదవి, పన్ను, శిక్ష, ఇవే దాని కర్మలు. బ్రిటిష్ పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారాన్ని అబాలిష్ చేసింది, 1833 చట్టంతో సామ్రాజ్యంలోని చాలా భాగాలలో బానిసత్వాన్నే అబాలిష్ చేసింది. అమెరికా రాజ్యాంగానికి పదమూడో సవరణ 1865లో అదే పని చేసింది. అయితే అబాలిష్ అనేది అధికారం ఉన్నవారు చేసే ప్రకటన. ఆచారం నేల మీద ఇంకా బతికి ఉండవచ్చు. చట్టంలో రద్దయినది సమాజంలో లేకుండా పోయిందా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రశ్నకు వేరే క్రియలు కావాలి.

అంతర్జాతీయ పత్రాల పేర్లు వరుసగా చూస్తే ఆ తేడా తెలిసి రాసినట్టే ఉంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన నిర్బంధ శ్రమ ఒప్పందం పేరులో ఉన్న మాట అబాలిషన్. ప్రభుత్వాలు తామే అమలు చేస్తున్న నిర్బంధ శ్రమను రద్దు చేయాలన్నది అక్కడి విషయం. అదే సంస్థ 1999లో బాలకార్మిక వ్యవస్థ అతి హీనరూపాల మీద చేసిన ఒప్పందం పేరులో ప్రొహిబిషన్, ఎలిమినేషన్ అనే రెండు మాటలు పక్కపక్కన నిలిచాయి, అంటే చట్టంలో నిషేధించడం ఒకటి, వాస్తవంలో లేకుండా చేయడం మరొకటి. 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో 8.7వది నిర్బంధ శ్రమను ఎరాడికేట్ చేయాలంటుంది. మూడు చోట్లా "నిర్మూలన" అని రాసిన అనువాదం ఆ అరవై ఏళ్ల నడకను చదునుచేసి పారేస్తుంది. ఆరోగ్య ఉద్యోగి గారు చెప్పిన అంచెలు ఈ పత్రాలకు మక్కికి మక్కిగా వర్తిస్తాయని మాత్రం అనను. సామాజిక విషయాలలో ఎలిమినేషన్ అనే మాటను మరింత వదులుగానే వాడతారు. స్త్రీల పట్ల వివక్ష మీద 1979 నాటి ఒప్పందం పేరులో ఉన్నదీ ఎలిమినేషనే.

చట్టాలకే సంబంధించి రిపీల్ అనే మాట కూడా ఉంది. చట్టసభ తాను చేసిన చట్టాన్ని తానే తీసివేయడం అది. అమెరికాలో మద్యనిషేధం తెచ్చిన పద్దెనిమిదో సవరణను 1933లో ఇరవై ఒకటో సవరణ రిపీల్ చేసింది. ఇచ్చిన అనుమతిని, లైసెన్సును వెనక్కి తీసుకుంటే రివోక్. తెలుగులో మూడింటికీ "రద్దు" అనే అంటాం, పక్కనున్న కర్మ స్పష్టంగా ఉంటే అది చాలు.

నాకు ఇష్టమైన మాట జెటిసన్. మునిగిపోయే ప్రమాదంలో ఉన్న ఓడను తేలిక చేయడానికి సరుకును సముద్రంలోకి విసరడం అది. డిస్కార్డ్ చేసేది పనికిరానిదాన్ని. జెటిసన్ చేసేది విలువైనదాన్ని, మిగిలినదాన్ని కాపాడుకోవడం కోసం. అలా పోయిన సరుకు నష్టాన్ని ఒక్క యజమాని మీద వేయకుండా, బతికిపోయిన సరుకుల యజమానులు, ఓడ యజమాని అందరూ పంచుకోవాలన్న నియమం రోడ్స్ ద్వీపం పేరిట రోమన్ న్యాయంలోకి చేరి, ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి సంకలనం చేయించిన న్యాయసంహితలో నిలిచింది. నేటి నౌకా వాణిజ్యంలోనూ ఆ సూత్రం బతికే ఉంది. రాకెట్ తన ఖాళీ అంచెలను జెటిసన్ చేస్తుంది, రాజకీయ పక్షం గెలుపు కోసం ఒక వాగ్దానాన్ని జెటిసన్ చేస్తుంది. "పారవేసింది" అంటే ఆ త్యాగమూ ఆ గత్యంతరం లేనితనమూ రెండూ పోతాయి.

ప్రశ్న అడిగినవారి తదుపరి సందేశం: అనువాదకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ముఖ్యంగా నిర్ణయానికీ ప్రక్రియకీ ఉన్న తేడా నా పేజీలోని చిక్కును విప్పింది. పుస్తకం చివరి అధ్యాయం నమోదు పత్రాల గురించి. పాత రికార్డులను జాబితా నుంచి రిమూవ్ చేయడం, డిలీట్ చేయడం, ఎరేజ్ చేయడం అనే మాటలు అందులో ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద ఇవన్నీ ఒకే బొమ్మ నొక్కితే అయిపోయే పనులుగా కనిపిస్తాయి. అలాగే గెట్ రిడ్ ఆఫ్, త్రో అవే వంటి వాడుక మాటలను వీటి బదులు వాడవచ్చా అన్నదీ తెలుసుకోవాలని ఉంది.

నాలుగో జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

ఒకే బొమ్మ నొక్కితే అయ్యే పనులుగా కనిపించడమే ఇక్కడ ప్రమాదమండి. మంచి సాఫ్ట్‌వేర్‌లో రిమూవ్ అంటే ఈ జాబితా నుంచో ఈ గుంపు నుంచో తీయడం, ఆ అంశం మూలస్థానంలో అలాగే ఉంటుంది. ఒక పాటను మనం చేసుకున్న వరుస నుంచి రిమూవ్ చేస్తే పాట ఎక్కడికీ పోదు. డిలీట్ అంటే ఆ అంశాన్నే తీసివేయడం. మొదటిదాన్ని "జాబితా నుంచి తీయండి" అనీ, రెండోదాన్ని "తొలగించండి" అనీ రాస్తే పాఠకుడు నిశ్చింతగా మొదటి మీట నొక్కగలడు.

అయితే డిలీట్ కూడా పైకి కనిపించినంత పని చేయదు. సాధారణంగా ఫైలును డిలీట్ చేసినప్పుడు కంప్యూటర్ ఆ ఫైలు ఎక్కడుందో చెప్పే నమోదును తీసివేసి, ఆ స్థలం ఖాళీ అని గుర్తుపెట్టుకుంటుంది. దాని మీద కొత్త సమాచారం రాసేదాకా పాతది అక్కడే ఉండవచ్చు, తగిన ఉపకరణంతో బయటికి తీయనూ వచ్చు. ఎరేజ్, వైప్ అనే మాటలు ఆ రాతనే చెరిపివేయడాన్ని ఉద్దేశిస్తాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన 800-88 మార్గదర్శకం దీన్ని మూడు స్థాయులుగా విడదీసింది. సాధారణ ఉపకరణాలతో తిరిగి తీయలేనట్టు చేయడం క్లియర్. ప్రయోగశాల స్థాయి పద్ధతులతోనూ తీయడం సాధ్యం కానట్టు చేయడం పర్జ్. ఆపైన ఆ సాధనమే మళ్లీ వాడడానికి వీల్లేకుండా చేయడం డిస్ట్రాయ్. మీ పుస్తకంలో రోగుల వివరాలో ఉద్యోగుల వివరాలో ప్రస్తావనకు వస్తే ఈ తేడా చట్టపరంగానూ ముఖ్యం. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధనల 17వ అధికరణం పౌరుడికి ఇచ్చిన హక్కు పేరు ఎరేజర్. దాన్ని "చెరిపివేత హక్కు" అనవచ్చు.

డేటాబేసుల్లో ఇంకా ఖండితంగా ఉంటుంది. డిలీట్ అనే ఆదేశం మనం చెప్పిన వరుసలను తీసివేస్తుంది. ట్రంకేట్ అన్ని వరుసలనూ ఒక్కసారిగా ఖాళీ చేసి పట్టిక చట్రాన్ని మిగులుస్తుంది. డ్రాప్ చట్రంతో సహా పట్టికనే లేకుండా చేస్తుంది. అధ్యాపకులు గారి ప్రశ్నకు యంత్రం ఇంత నిక్కచ్చిగా జవాబు చెప్పడం నాకు సంతోషాన్నిస్తుంది.

డంప్ దగ్గర మాత్రం జాగ్రత్త. బయట డంప్ అంటే కుప్పగా గుమ్మరించి పోవడం. సముద్రంలో వ్యర్థాలు వేయడం మీద 1972లో లండన్‌లో కుదిరిన ఒప్పందం వాడింది ఆ మాటే. వాణిజ్యంలో డంపింగ్ అంటే సరుకును దాని మామూలు విలువ కన్నా తక్కువకు పరదేశపు విపణిలోకి తోయడం. కంప్యూటర్‌లో మెమరీ డంప్ అంటే దేన్నీ వదిలించుకోవడం కాదు. యంత్రం జ్ఞాపకంలో ఉన్నదంతా పరిశీలన కోసం ఒక ఫైలులోకి ఉన్నదున్నట్టు దించి భద్రపరచడం.

ఐదో జవాబు: భాషాధ్యాపకుడు

వాడుక మాటల గురించి. గెట్ రిడ్ ఆఫ్ దేనికైనా వర్తిస్తుంది: జలుబుకు, పాత కుర్చీకి, పిలవని అతిథికి. అందులో ఉన్నది వస్తువు గతి కాదు, మాట్లాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం. "పీడ వదిలింది" అనే మన మాటలో ఉన్న ఛాయ అది. కనుక వస్తువును ఏం చేయాలో చెప్పవలసిన సూచనల పుస్తకంలో దానికి పని లేదు. త్రో అవే చేతితో చెత్తలో వేయడమే, రసాయనం విషయంలో అది డిస్పోజ్‌కు బదులు వస్తే అపాయకరం కూడా. డూ అవే విత్ అనేది అబాలిష్‌కు మాటల్లోని రూపం.

మిమ్మల్ని నిజంగా బోల్తా కొట్టించగల మాట డిస్పెన్స్ విత్. ఒక్క డిస్పెన్స్ అంటే మందుల కొట్లో మందు కొలిచి ఇవ్వడం. పక్కన విత్ చేరగానే అర్థం తిరగబడి, అది లేకుండానే గడుపుకోవడం అవుతుంది. ఒక పరీక్షను డిస్పెన్స్ విత్ చేయవచ్చు అని ఉంటే ఆ పరీక్ష చేయనక్కర్లేదని అర్థం. పరీక్షను రద్దు చేశారని కాదు, ఆ సందర్భంలో మినహాయించవచ్చని.

ఫేజ్ అవుట్ కూడా రసాయనాల పుస్తకాల్లో తరచు వస్తుంది. ఓజోన్ పొరను దెబ్బతీసే పదార్థాల మీద 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాతి సవరణలతో ఏర్పాటు చేసింది దీనినే: అంచెలంచెలుగా తగ్గిస్తూ చివరికి సున్నాకు తేవడం. "క్రమంగా తగ్గించడం" అని మాత్రమే రాస్తే ఆ సున్నా రాలిపోతుంది, అది ఫేజ్ డౌన్ అనే వేరే మాటకు అర్థం. 2021లో గ్లాస్గోలో జరిగిన వాతావరణ సదస్సులో బొగ్గు విద్యుత్తు గురించిన వాక్యంలో ఫేజ్ అవుట్ అన్నదాన్ని చివరి గంటల్లో ఫేజ్ డౌన్‌గా మార్చారు. ఆ ఒక్క పదం కోసం దేశాలు అంతసేపు పట్టుబట్టాయంటే, అనువాదకులు రెండింటినీ కలిపేయడం క్షమించదగినది కాదు.

అనువాదకురాలు

ఇప్పుడు ఆ పేజీని ఇలా రాశాను, చూసి చెప్పగలరు. "గడువు దాటిన ద్రావణాన్ని వాడకుండా వేరుగా పెట్టండి. ఖాళీ సీసాను నిబంధనల ప్రకారం పారవేయండి. కంట్లో లెన్సులుంటే, సులువుగా వచ్చేట్టయితే తీయండి. ద్రవం కారుతున్నచోట మంట రేపగలిగేవి ఏవీ లేకుండా చేయండి."

ప్రజారోగ్య విభాగ ఉద్యోగి

నాలుగో వాక్యం బాగుంది. మూడో వాక్యం తరువాత మూలంలో కళ్లు కడుగుతూనే ఉండాలన్న ముక్క కూడా ఉంటుంది, అది జారిపోకుండా చూడండి. రెండో వాక్యంలో "నిబంధనల ప్రకారం" ఉన్నా, చదివేవారి చూపు "పారవేయండి" మీదే ఆగుతుంది. "ఖాళీ సీసాను వ్యర్థాల నిబంధనలు చెప్పిన చోటికే చేర్చండి" అంటే ఎలా ఉంటుంది? డిస్పోజ్‌లోని బాధ్యత అందులో పోదు.

అనువాదకురాలు

"చేర్చండి" బాగా కుదిరింది, అలాగే మారుస్తాను. కళ్లు కడగడం కొనసాగించాలన్న ముక్కను కూడా మూడో వాక్యం పక్కనే చేరుస్తాను.